గోదావరీ పుష్కరము - మన పూటకూటి వృత్తి

2027వ సంవత్సరమున జూన్ 26వ తేదీ మొదలు జూలై 7వ తేదీ వరకు గోదావరీ పుష్కరము జరుగనున్నది. బృహస్పతి సింహరాశిని ప్రవేశించునప్పుడు పండ్రెండేండ్లకొకమారు వచ్చు పర్వమిది. బాసర, ధర్మపురి, కాళేశ్వరము, భద్రాచలము, రాజమహేంద్రవరము, కొవ్వూరు మొదలగు తీర్థములకు దేశము నలుమూలలనుండి జనము తరలివచ్చును. రేవులను గూర్చియు, రోడ్లను గూర్చియు, రైళ్ళను గూర్చియు ప్రభుత్వములు సన్నాహములు చేయుచున్నవి. చేయవలసినదే. 2015వ సంవత్సరము జూలై 14వ తేదీన, పుష్కరపు తొలినాటి ఉదయముననే, రాజమహేంద్రవరమున త్రొక్కిసలాటలో 27 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ దినమును మరచి ఏ సన్నాహమును చేయరాదు.

అయితే స్నానము గడియసేపటి పని. తక్కిన దినమంతయు యాత్రికుడెక్కడ తల దాచుకొనును? ఏమి తినును? ఎంత చెల్లించును? ముసలితల్లిని, చంటిబిడ్డను ఎక్కడ పరుండబెట్టును? ఈ ప్రశ్నలకు కలెక్టరు కచేరీ యొక్కటే సమాధానము చెప్పజాలదు. హోటళ్ళవారు, లాడ్జీలవారు, మెస్సులు నడుపువారు, టీకొట్లవారు చెప్పవలెను. కావున రానున్న సంవత్సరము మన ఆతిథ్యవృత్తికి పరీక్షాకాలమని మేము తలచుచున్నాము. ఆ పరీక్షలో జయాపజయములు కట్టిన గదుల సంఖ్యను బట్టి తేలవు. యాత్రికుడు తిరిగి పోవునప్పుడు ఈ యూరివారు నన్ను ఆదరించిరనునా, దోచుకొనిరనునా యనుదానిని బట్టి తేలును. ఈ వృత్తికి అసలు మూలధనము నమ్మకము. ఆ నమ్మకమును నిలుపుకొనుటలో వృత్తివారికి గల చిక్కులెవ్వి, ఆశలెవ్వి, కర్తవ్యమేది యనుదానిని నేడు విచారింతము.

అన్నము అమ్ముకొనుట మన పెద్దలకు రుచించిన పని కాదు. బాటసారికి సత్రము, దాహమునకు చలివేంద్రము, ఆకలికి అన్నదానము - ఇదియే వారెరిగిన పద్ధతి. కోనసీమలో లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళగానివేళ వచ్చినవారికిని అన్నము పెట్టి తెలుగువారి మనస్సులలో నిలిచిపోయిరి. తిరుమలలో 1985వ సంవత్సరమున ఆరంభమైన నిత్యాన్నదానము నేటికిని సాగుచున్నది. కాని కోర్టులు, కళాశాలలు, రైళ్ళు వచ్చిన పిమ్మట పరాయి యూరిలో నెలల తరబడి ఉండవలసినవారికి ధర్మభోజనము చాలలేదు. డబ్బిచ్చి తినదగిన పూటకూటి యిల్లు అవసరమైనది. 1897లో తొలిసారి అచ్చయిన 'కన్యాశుల్కము'లో గురజాడ అప్పారావుగారు పూటకూళ్ళమ్మను మనకు చూపిరి. ఆమెను చూచి నవ్వుకొన్నాము. ఆమె సొమ్ము వాడుకొని తప్పించుకొని తిరిగిన గిరీశమును చూచియు నవ్వుకొన్నాము. నవ్వు చాలించి చూచినచో ఈ వృత్తిలోని చిక్కంతయు అచ్చటనే కనబడును: వండిపెట్టునది యొకరు, ఫలమనుభవించునది మరియొకరు. ఉడిపి హోటళ్ళు వచ్చినను, హైదరాబాదున ఇరానీ చాయ్ దుకాణములు వెలసినను, నేడు అద్దాల మేడలు లేచినను ఆ చిక్కు తీరలేదు.

మొదట పన్నుల మాట చెప్పుదము. రోజునకు వేయి రూపాయల లోపు అద్దెగల గదిపై 2022 జూలై 18వ తేదీ వరకు జి.ఎస్.టి. లేదు. ఆనాటినుండి 12 శాతము వేసిరి. 900 రూపాయల గదిలో దిగిన పేదయాత్రికుడు 108 రూపాయలు అదనముగా చెల్లింపవలసివచ్చినది. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి 7,500 రూపాయల వరకు గల గదులన్నింటిపై పన్నును 5 శాతమునకు దించిరి. అదే గదికి నేడు పన్ను 45 రూపాయలు. ఇది యాత్రికునకు మేలు చేసిన మార్పు. దానిని మెచ్చుకొనక తప్పదు.

కాని ఈ మేలు వెనుక లాడ్జి యజమానికి తగిలిన దెబ్బ జనులకంతగా తెలియదు. 12 శాతము పన్నున్నప్పుడు, తాను ఇతరులకు ముందే చెల్లించిన పన్నును లెక్క చూపి తగ్గించుకొను హక్కు వానికుండెను. 5 శాతపు పద్ధతిలో ఆ హక్కును తీసివేసిరి. భోజనశాలలకు 2017 నవంబరు 15వ తేదీనుండియే ఈ పద్ధతి అమలున నున్నది. కట్టడమును నెలకు లక్షరూపాయల అద్దెకు పుచ్చుకొన్నవాడు దానిపై 18,000 రూపాయలు పన్ను కట్టవలెను. అద్దెకిచ్చినవాడు పన్ను లెక్కలలో నమోదు కానివాడైనను, 2024 అక్టోబరు నుండి ఆ భారము అద్దెకు పుచ్చుకొన్నవానిదే. వంటకు వాడు వాణిజ్యపు గ్యాసుబండపై 18 శాతము. ఇవి యన్నియు మునుపు లెక్కలో తగ్గునవి. ఇప్పుడు లాభములోనుండి పోవునవి. ఇందులో విడ్డూరమేమనగా, 7,500 రూపాయలు దాటిన గదులుగల గొప్ప హోటలు 18 శాతము పన్ను వసూలు చేయుచు ఆ హక్కును నిలుపుకొన్నది. రైలుస్టేషనుకెదురుగా నున్న ఇరువది గదుల లాడ్జి దానిని పోగొట్టుకొన్నది. పన్ను తగ్గించినప్పుడు హక్కును మిగుల్చుట ఖజానాకు మోయరాని భారము కాదు. కనీసము కట్టడపు అద్దె, వంటగ్యాసు - ఈ రెండింటి విషయమునందైనను చిన్న యజమానికి ఆ హక్కును తిరిగి ఇయ్యవలెనని మేము కోరుచున్నాము.

రెండవది దళారుల విషయము. నేడు ప్రయాణికుడు ఊరు చేరకముందే చేతిలోని ఫోనుమీద గదిని కుదుర్చుకొనుచున్నాడు. సౌకర్యమే, కాని ఆ ఫోనులో దారి చూపు సంస్థలు తమ రుసుము తాము తీసుకొనుటయే గాక, వేరొకచోట ఇంతకంటె తక్కువ ధరకు గది నీయరాదని హోటళ్ళవారికి షరతులు పెట్టిన సంగతి బయటపడినది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఇట్టి విషయములపై విచారించి ఒక సంస్థపై 223.48 కోట్ల రూపాయలును, మరియొక సంస్థపై 168.88 కోట్ల రూపాయలును జరిమానా విధించినది. భోజనము ఇంటికి చేర్చు రెండు పెద్ద సంస్థలపై కూడ అదే సంవత్సరము ఏప్రిలులో విచారణకు ఆదేశించినది. ఆ వ్యాజ్యములెట్లు పరిణమించినను, నీతి స్పష్టమే. తన గుమ్మములోనికి వచ్చిన అతిథికి తన గది ధర తానే చెప్పుకొనలేని యజమాని, పేరునకు యజమాని గాని, నిజమునకు గుమాస్తా. ఒంటరిగా ఏ హోటలువాడును ఈ పోరును గెలువజాలడు. ఊరూరి హోటళ్ళ సంఘములు కలిసి, తమ గదుల పట్టికను తామే నడుపుకొని, యాత్రికుడు నేరుగా ఫోను చేసి గది కుదుర్చుకొనునట్లు ఏర్పాటు చేసికొనవలెను. పుష్కరమునకు మించిన అదను మరల పండ్రెండేండ్ల వరకు రాదు.

మూడవది పనివారి విషయము. అన్నింటిలో మేము దీనినే ముఖ్యమని యెంచుచున్నాము. 2020 మార్చి 25న దేశమంతటను లాక్‌డౌను వచ్చినప్పుడు మొదట మూతపడినవి హోటళ్ళు. ఆలస్యముగా తెరువబడినవియు అవియే. నాడు స్వగ్రామములకు నడిచిపోయిన వంటవారిలో, వడ్డనవారిలో చాలమంది ఈ వృత్తికి మరల రాలేదు. 'పనివారు దొరకుటలేదు' అనునది నేడు ప్రతి యజమాని నోటను వినబడు మాట. ఏల దొరకరు? పగలంతయు పొయ్యియొద్ద మాడి, రాత్రి చివరి బల్ల తుడిచిన పిమ్మట ఆ బల్లలమీదనే పరుండవలసిన చోటికి ఎవడు వచ్చును? కాగితము లేదు, సెలవు లేదు, జబ్బు చేసినచో దిక్కు లేదు. అతిథి మేజామీద నీళ్ళగ్లాసు తళతళలాడుచుండగా, దానిని కడిగినవాని చేతులు సోడాపొడికి పగిలియుండును.

2025 నవంబరు 21వ తేదీన నాలుగు కార్మికస్మృతులు అమలులోనికి వచ్చినవి. పనివానికి నియామకపత్రము నీయవలెననియు, దినమునకు ఎనిమిది గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి నీయవలెననియు చట్టము చెప్పుచున్నది. పుష్కరపు పండ్రెండు దినములలో పనివానిచేత పదునెనిమిది గంటలు పని చేయించుటకు సిద్ధపడుచున్నవారు ఈ మాటను నేడే చదువుకొందురుగాక. హోటళ్ళలో, డాబాలలో పిల్లలచేత పని చేయించుటను 2006 అక్టోబరు 10వ తేదీనుండియే నిషేధించిరి. 2016లో చట్టమును సవరించి, పదునాలుగేండ్ల లోపు పిల్లలను, కుటుంబపు పనికి సంబంధించిన కొన్ని మినహాయింపులు తప్ప, ఏ పనిలోను పెట్టరాదనిరి. అయినను టీకొట్టులో కప్పులు కడుగు కుర్రవాడు మనకందరకు తెలిసినవాడే. 'మావాడే, మేనల్లుడు' అని చెప్పు యజమానిని నమ్మినట్లు నటించి టీ త్రాగి వచ్చు మనమును ఆ తప్పులో భాగస్వాములమే.

నాలుగవది ప్రాణరక్షణ. 2020 ఆగస్టు 9వ తేదీన విజయవాడలో కోవిడ్ రోగులనుంచిన ఒక హోటలులో నిప్పంటుకొని పదిమంది మరణించిరి. 2022 సెప్టెంబరు 12వ తేదీన సికిందరాబాదులో క్రింద విద్యుత్ స్కూటర్ల దుకాణము, పైన లాడ్జి గల కట్టడములో నిప్పు లేచి ఎనిమిదిమంది మరణించిరి. సికిందరాబాదులో పోయినవారు ఊరు కాని ఊరికి పనిమీద వచ్చి, ఒక రాత్రికి తలుపు గడియ వేసికొని నిద్రించినవారు. ఆ గది భద్రమైనదని వారు నమ్మిరి. క్రింది అంతస్తున ఏ సరుకున్నదో, రెండవ మెట్లదారి కలదో లేదో అతిథి పరీక్షింపలేడు. యజమానియు, అధికారియు పరీక్షింపవలెను. పుష్కరమునకు అదనపు గదులకై మేడమీద రేకులషెడ్లు వేయించి, మెట్లక్రింద పరుపులు పరపించు తొందర ఇప్పుడే మొదలగును. అట్టివానికి చేయి తడిపినవాడికొక న్యాయము, తడపనివాడికొక న్యాయమని అనుమతులిచ్చినచో, రేపు జరుగు ప్రమాదమునకు ఆ సంతకమే సాక్ష్యము.

భోజనపు శుభ్రత కూడ ప్రాణరక్షణయే. 2024 అక్టోబరు 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వము పచ్చిగ్రుడ్డుతో చేసిన మయొనేజును ఒక సంవత్సరము నిషేధింపవలసివచ్చినది. జూన్, జూలై నెలలు వానకాలపు తొలిదినములు. ఈగలు, కలుషితమైన నీరు ఎక్కువగు కాలము. లక్షలమంది ఒక్కచోట చేరినప్పుడు ఒక్క వంటశాల అశ్రద్ధ ఊరంతటికి వ్యాధి తెచ్చును. పది రకముల వంటకములు వ్రాసిన పట్టికకంటె, మరిగించి చల్లార్చిన నీరు, అప్పుడే దించిన అన్నము, పప్పు, పులుసు, మజ్జిగ - ఇవి చాలును. తక్కువ వండుము, వేడిగా వడ్డించుము, మిగిలినదానిని మరునాటికి దాచకుము.

ఇన్ని చిక్కులు చెప్పితిమి గదా, ఆశ లేదా యని పాఠకులడుగవచ్చును. ఆశ మెండుగా కలదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2024-29 పర్యాటకవిధానమున ఈ వృత్తికి పరిశ్రమ హోదా నిచ్చినది. ఆ హోదా సముద్రతీరపు నక్షత్రహోటళ్ళకే గాక తాలూకా పట్టణపు లాడ్జికిని అందునట్లు చూచుకొనుట మన పని. కుటుంబముతో కలిసి రెండుదినములు ఊరు చూచివచ్చు అలవాటు మధ్యతరగతి వారిలో నేడు బలపడినది. అట్టివారికి అద్దాల మేడ అక్కరలేదు. ఉతికిన దుప్పటి, పారుచున్న కొళాయి, లోపలి గడియ గట్టిగా పడు తలుపు, మర్యాదగా మాటాడు మనిషి - ఇవి కావలెను. వీనిని సమకూర్చుటకు కోట్లు అవసరము లేదు.

అంతకంటె పెద్ద ఆశ మన వంటలో నున్నది. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళికగుర్తింపు లభించినది. హైదరాబాదు హలీమునకు 2010లోనే లభించినది. కాకినాడ కాజా, పనసపొట్టు కూర, గోంగూర, తొలకరి వంకాయ - ఇవి పరదేశీయుడు కోరి వచ్చి తినదగినవి. అట్లుండగా గోదావరి యొడ్డున దిగిన యాత్రికునకు ఢిల్లీలోను, బొంబాయిలోను దొరకు పన్నీరు కూరనే వడ్డించుట మన యవివేకము. గోదావరి మండలములలో చేతివాటముగల గృహిణులు వీధికి పదిమంది కలరు. స్వయంసహాయక సంఘములు ఊరూర కలవు. వారి యిండ్లలోని ఒక గదిని శుభ్రపరచి, నాలుగు కుటుంబములకు భోజనము పెట్టుకొనుటకు పంచాయితీలు, పురపాలకసంఘములు సులభముగా అనుమతినిచ్చి, పరీక్షించి, పేర్లు ప్రకటించినచో, పుష్కరపు రాబడి పదిమంది పెద్దల చేతులలో గాక పదివేల గడపలకు చేరును. నాడు గిరీశముల పాలైన పూటకూళ్ళమ్మ సొమ్ము ఈ విధముగా ఆమె వారసురాండ్రకు చెందవలెను.

ఇక ధరల విషయము. 'గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకొనవలెను' అని వ్యాపారులు చెప్పుదురు. ఆ సామెత ధాన్యమును గూర్చినది. దాహముతోనున్న మనిషిని గూర్చినది కాదు. పర్వదినములలో 800 రూపాయల గదిని 8,000 రూపాయలకు అడుగుట, 20 రూపాయల నీళ్ళసీసాకు 50 రూపాయలు పుచ్చుకొనుట వ్యాపారము కాదు. హోటలులో కూర్చుండబెట్టి సేవచేయుచు నీళ్ళసీసాను ముద్రితధరకు మించి అమ్మినను తూనికలు కొలతల చట్టమును బట్టి నేరము కాదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినమాట నిజమే. చట్టము తప్పుపట్టని ప్రతిదియు చేయదగినదని న్యాయవాదులమైన మేమును ఎన్నడును చెప్పలేదు. పాత చట్టములలోనే మంచి మాటయొకటి కలదు. 1867వ సంవత్సరపు సరాయిల చట్టములో, బాటసారులను దింపుకొనువాడు గదులను, బావిని, కాలువలను శుభ్రముగా నుంచవలెననియు, తన ధరల పట్టికను జిల్లా మేజిస్ట్రేటు చెప్పిన భాషలలో, చెప్పినచోట కట్టవలెననియు వ్రాసియుండెను. పరాయి ప్రభుత్వము నూటయేబది యేండ్లకు పూర్వము చెప్పిన ఆ పాటి నియమమును మన సంఘములు తామై పాటించుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

లెక్క వేసి చూచినను ఇది లాభసాటియే. పుష్కరము పండ్రెండు దినములు. తరువాతి పుష్కరమునకు పండ్రెండేండ్లు. పండ్రెండు దినములు దోచినవాడు పండ్రెండేండ్ల పేరును అమ్ముకొనును. మోసపోయిన యాత్రికుడు తానొక్కడు రాకపోవుట కాదు; తన చేతిలోని ఫోనుమీద నాలుగు మాటలు వ్రాసి వేయిమందిని రానీయడు.

కనుక మేము కోరునది యిది. హోటళ్ళ సంఘములు 2026వ సంవత్సరము ముగియకముందే సమావేశమై, పుష్కరదినములలో ధర మామూలుకంటె ఎంతవరకు పెంచవచ్చునో తామే నిర్ణయించుకొని ప్రకటింపవలెను. ఆ పట్టికను తెలుగున, హిందీలో, ఇతర భాషలలో గుమ్మమునకు కట్టవలెను. ముందు బయానా పుచ్చుకొని, పిమ్మట ఎక్కువ యిచ్చువాడు రాగానే మొదటివానిని త్రిప్పి పంపువానిని సంఘమునుండి వెలివేయవలెను. పనివారికి మూడు వంతులుగా పని పంచి, పడుకొనుటకు వేరుచోటు చూపవలెను. పుష్కరపు లాభములో వారికి ఒక నెల జీతము బహుమానముగా నీయవలెను. ప్రభుత్వములు పురపాలక, అగ్నిమాపక, ఆహారశాఖల తనిఖీలను వేసవికి ముందే ఒక్కమారుగా జరిపి, ఒక్క కాగితముతో ముగింపవలెను. పది కచేరీల చుట్టు త్రిప్పుట పది లంచములకు దారి. గ్యాసు, నీరు, విద్యుత్తు ఆ పండ్రెండు దినములు కొరవడకుండ చూడవలెను.

యాత్రికులకును ఒక మాట. గది నలుగురికని కుదుర్చుకొని పదునలుగురు దిగుట, తువ్వాళ్ళు మూటగట్టుకొని పోవుట, వడ్డించువానిని ఏకవచనమున గద్దించుట పుణ్యకార్యములు కావు. అతిథి దేవుడైనచో దేవునివలెనే నడుచుకొనవలెను.

గోదావరిలో మునిగినవాని పాపము పోవుననుట పెద్దల నమ్మకము. ఒడ్డున నున్నవారు ఆ పండ్రెండు దినములలో క్రొత్త పాపము మూటగట్టుకొనకుండుట వారి చేతిలోని పని. దీపముండగానే యిల్లు చక్కబెట్టుకొనవలెను. పుష్కరమునకింకను వ్యవధి యున్నది. రాజమహేంద్రవరమువారు, కొవ్వూరువారు, భద్రాచలమువారు, ధర్మపురివారు తమ తమ సంఘములను ఈ నెలలోనే సమావేశపరతురని ఆశించుచున్నాము.